ఇంట్లో విప్పని కాలు

కాళ్ళు చేసే ఉద్యోగం అని చెబితే పెళ్ళిచూపుల్లో మా మామగారికి అర్థం కాలేదు. చెప్పుల పనా అని అడిగారు. కాదు, కాలు పోయినవాళ్ళకు పెట్టే కాళ్ళని చెప్పాను. కాసేపు ఆలోచించి, పిల్లనైతే ఇచ్చారు గానీ బంధువులకు మాత్రం ‘అబ్బాయి ఆసుపత్రిలో పని’ అనే చెప్పుకున్నారు. అదీ అబద్ధం కాదు. తిరుపతిలో ఒక ఆసుపత్రి వెనక, రేకుల కప్పు కింద, మా వర్క్‌షాపు ఉండేది. రిటైరయ్యేదాకా నేను పనిచేసింది అక్కడే.

ఇప్పుడు ఈ పనిలోకి చదువుకుని వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ‘మీరు చేసినవాటిలో బాగా కుదిరిన కాలు ఏది సార్?’ అని అడుగుతారు. బాగా కుదిరిన కాళ్ళు ఎవరికీ గుర్తుండవు. వాటిని తొడుక్కున్నవాళ్ళు తమ దారిన తాము వెళ్ళిపోతారు, బస్సులో ఎదురైనా మనం గుర్తుపట్టలేం. నాకు గుర్తున్న కాలు ఒకటుంది. అది కూడా బాగానే కుదిరింది. అయినా ఆ మనిషిని మళ్ళీ ఆపరేషన్ బల్ల అంచుదాకా తీసుకుపోయింది. మీకు చెప్పాల్సింది దాని గురించే.

అతను రేణిగుంట గూడ్స్ షెడ్డులో హమాలీ. లారీకి, గోడకు మధ్య పడి ఎడమకాలు మోకాలి కింద నలిగిపోతే తీసేశారు. గాయం మానాక మా దగ్గరికి పంపారు. మొదటిరోజు అతని వెంట వచ్చిన జనాన్ని చూసి, ఏదో పెళ్ళివాళ్ళు దారి తప్పి వచ్చారనుకున్నాను. భార్య, తల్లి, ఇద్దరు ఆడపిల్లలు, మొగుడు పోయి కూతురితో పుట్టింట్లోనే ఉండిపోయిన అక్క, వాళ్ళు చాలనట్టు షెడ్డులో అతనితో మూటలు మోసేవాళ్ళు కొందరు. కూర్చోడానికి బెంచీ చాలక సగంమంది కిందే కూర్చున్నారు. తల్లి మాటిమాటికీ లేచి వచ్చి కొడుకు వీపు నిమిరి పోతోంది. హమాలీల మేస్త్రీ నన్ను పక్కకు పిలిచి, వాడు మాకు కావాల్సినవాడు సార్, కాస్త మంచిది చూసి పెట్టండి అన్నాడు, మా దగ్గర రకరకాల కాళ్ళు అలమరలో వరసగా పేర్చి ఉన్నట్టు.

అందరికీ అతను ఎందుకంత కావాల్సినవాడో తర్వాత తర్వాత తెలిసింది. ఆ ఇల్లు మొత్తం అతని రెక్కల మీదే నడిచేది. పొద్దున షెడ్డులో లోడు దించి, మధ్యాహ్నం ఏదో గోడౌన్లో ఎత్తి, సాయంత్రం ఇంటికి పోతూ మేనకోడలికి పలకో, తల్లికి వక్కలో ఏదో ఒకటి చేత పట్టుకోకుండా పోయేవాడు కాదట. వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా, చావయినా బరువైన పని అతనిది. అతని గొంతు పెరగడం ఎవరూ వినలేదని అతని అక్కే చెప్పింది. తమ్ముళ్ళ గురించి అక్కలు అంత సులువుగా మంచి చెప్పరు కాబట్టి నమ్మాను.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఈ కాలితో తిరుమల కొండ నడిచి ఎక్కగలమా అని. అతను అది అడగలేదు. ఎంత బరువు మోయొచ్చు అని అడిగాడు. ముందు నీ బరువు మోయడం నేర్చుకోప్పా అని మా పెద్దాయన కసిరాడు.

మా పెద్దాయన గురించి కాస్త చెప్పాలి. వర్క్‌షాపుకు ఆయనే పెద్ద. ప్లాస్టర్ పొడి ఎప్పుడూ కనుబొమల మీద ఉండేది. ముక్కుపొడి పీల్చి, తుమ్మి, ఆ పొడి ఎగరగొట్టి పని మొదలుపెట్టేవాడు. చేయి బంగారం, నోరు మాత్రం కారం. నడక నేర్పడానికి ఒక మేడం ఉండేది, మదనపల్లె వైపు మనిషి. ఆమెకూ ఈయనకూ రోజూ తగవే. కాలు కుదిరితే నడక అదే వస్తుందని ఈయన. మనిషి కుదుటపడితేనే కాలు కుదురుతుందని ఆమె. మధ్యలో నేను ఇద్దరికీ టీలు తెప్పించేవాణ్ణి.

పని వివరాలతో మిమ్మల్ని విసిగించను. తీసేయగా మిగిలిన మొండికాలికి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీస్తాం. ఆ అచ్చును బట్టి కాలు పట్టే గిన్నె చేస్తాం. దాని కింద గొట్టం, గొట్టం కింద పాదం. మొండికి మందపాటి మేజోడు తొడిగి గిన్నెలోకి దించితే నిలబడటమే. పగలంతా వేసుకోవచ్చు గానీ పడుకునే ముందు తప్పకుండా విప్పాలి. చర్మానికి గాలి తగలాలి, ఎక్కడైనా ఎర్రబడిందేమో చేత్తో తడిమి చూసుకోవాలి. ఈ మాట మేము ప్రతి ఒక్కరికీ చెబుతాం. అతనికీ చెప్పాం.

అందరికంటే తొందరగా నడిచాడు. నడక నేర్చుకోడానికి పెట్టిన రెండు కమ్మీలు పట్టుకుని, వాటి మధ్య తడబడుతూ నడిచేవాళ్ళను చూసీచూసీ అలవాటైన మాకు, అతను చేతులు వదిలేసి నడుస్తుంటే ముచ్చటేసింది. మేడం కూడా మెచ్చుకుంది. మొదట్లో రమ్మన్నప్పుడల్లా వచ్చాడు. విప్పి చూస్తే ఎక్కడా ఒక మచ్చ లేదు. ఆ తర్వాత రావడం మానేశాడు. మా పెద్దాయనకు ఒక లెక్క ఉండేది. రానివాడికి కాలు సరిపోయినట్టే. మా అందరికీ అదే నమ్మకం. పని ఎక్కువ, మనుషులు తక్కువ ఉన్నచోట ఇలాంటి నమ్మకాలు తొందరగా వేళ్ళూనుకుంటాయి.

చాలా నెలల తర్వాత ఒకరోజు అతని భార్య ఒక్కతే వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి, సంచిలోంచి ఉడికించిన చెనక్కాయలు తీసి బల్ల మీద పెట్టింది. నేనూ, మేడమూ ఉన్నాం. మా పెద్దాయన లోపల గిన్నె అంచు నునుపు చేస్తున్నాడు.

ఎట్లా ఉన్నాడమ్మా అని అడిగాను. బాగుండాడు సార్ అంది. గోడౌన్లో పనికి పోతున్నాడట. మూటలు ఎత్తనివ్వడం లేదు గానీ, అతనే ఆగక కొన్ని ఎత్తుతున్నాడట. ఇంకేదో అడగాలని వచ్చి అడగలేక చెంగు మెలిపెడుతోంది. మేడం కుర్చీ జరిపి కూర్చోమంది. ఆమె కూర్చోలేదు.

“మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట సార్. ఆ కాలు రాత్రిపూటన్నా తియ్యనీండి.”

నాకు అర్థం కాలేదు.

“మేమంతా ఒకే తావున వరసగా పండుకుంటాం. సిన్నది వాళ్ళ నాయన పక్కలోనే పండుకుంటాది. నిద్దరలో ఆ కాలు తగిలి బిడ్డకి కమిలిపోతావుండాది. మీరు పొద్దూ మాపూ తియ్యకూడదని చెప్పినారంట కదా. ఇంగ ఎన్నాళ్ళు సార్ అట్ల?”

లోపల గిన్నె గీకుతున్న చప్పుడు ఆగిపోయింది. మేడం నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను. పడుకునేటప్పుడు కూడా విప్పకుండా ఇన్ని నెలలు ఎవరైనా ఉంటే గిన్నె లోపల ఏం జరిగి ఉంటుందో మాకు తెలుసు.

మేడం ఏదో చెప్పబోయింది. అప్పటికే మా పెద్దాయన బయటికి వచ్చాడు. రేపు ఆయప్పను తోడుకుని రామ్మా, చూసి చెప్తాం అన్నాడు. ఎప్పుడూ లేనంత మెల్లగా అన్నాడు. ఆమె మా ముగ్గురి ముఖాలూ ఒకసారి చూసింది.

“అంటే మీరు చెప్పలేదా?” అంది.

రేపు తోడుకుని రామ్మా అన్నాడు మా పెద్దాయన మళ్ళీ. ఆమె తలూపి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక మేడం మా పెద్దాయన మీద విరుచుకుపడింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సింది కదా అని. పెళ్ళాం దగ్గర మొగుడి మాట మనం పడగొట్టగూడదని ఈయన. పడగొట్టకపోతే కాలు పడిపోతుందని ఆమె. ఆ తగవులో ఎవరిది ఒప్పో ఇప్పటికీ నేను తేల్చుకోలేదు. చెనక్కాయలు మాత్రం ఆ రోజు ఎవరం ముట్టుకోలేదు.

మరునాడు ఇద్దరూ వచ్చారు. రేణిగుంట నుంచి బస్సులో వచ్చినంతసేపూ ఆమె అతనితో ఒక్క మాట కూడా మాట్లాడలేదని తర్వాత అతనే చెప్పాడు. అతను ఎప్పటిలాగే నవ్వుతూ, అందరికీ నమస్కారం పెట్టుకుంటూ వచ్చాడు. పట్టీ కాస్త వదులైందనీ, అది బిగిస్తే పోతాననీ అన్నాడు. విప్పమన్నాను. ఎందుకు సార్, బాగానే ఉండాది అన్నాడు. మళ్ళీ చెప్పాను. నవ్వుతూనే ఉన్నాడు గానీ చేయి పట్టీ మీదికి పోలేదు.

మా పెద్దాయన వచ్చి అతని ముందు కింద కూర్చున్నాడు. ఆయన మోకాళ్ళ నొప్పుల మనిషి, ఎవరి కోసమూ కింద కూర్చోడు. తనే పట్టీ విప్పాడు. గిన్నె వదలలేదు. చీము పట్టి మేజోడు చర్మానికి అంటుకుపోయింది. నీళ్ళతో తడిపి, నిదానంగా తీశాం. అతను ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. కనిపించిందేమిటో ఇక్కడ రాయను. ఈ పనిలో ఉన్నవాళ్ళు ఊహించుకోగలరు, లేనివాళ్ళకు అక్కర్లేదు.

ఆసుపత్రి నుంచి సర్జన్‌ను పిలిపించాం. ఆయన చూసి, ఎముక దాకా పోలేదు గానీ పోవడానికి ఎంతో దూరం లేదన్నాడు. కాలు పెట్టడం పూర్తిగా ఆపేసి, రోజూ కట్టు కట్టించుకుని, ఇంట్లో కదలకుండా ఉంటే మానొచ్చు. మానకపోతే మోకాలి పైకి తీయాలి. మోకాలు పోతే నడక వేరు, బతుకు వేరు. ఆ తేడా మా దగ్గర పనిచేసేవాళ్ళందరికీ తెలుసు, అతనికీ తెలుసు. కమ్మీల మధ్య అలాంటివాళ్ళను అతను చూశాడు.

అప్పుడు కూడా అతను అడిగింది ఇంకొకటి. ఆమెను కాసేపు బయటికి పంపండి సార్ అన్నాడు నాతో. నేను ఆమె వైపు చూశాను. ఆమె కదలలేదు.

“నేను ఈడే ఉంటా. చెప్పు. ఏంటికి అబద్ధం చెప్పినావు?”

అతను నేల చూస్తూ ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు. ఆపరేషన్ అయి ఇంటికి పోయిన కొత్తలో, కట్టు మారుస్తుంటే చిన్న కూతురు చూసింది. చూసి కేక పెట్టి, పక్కింటికి పరుగెత్తింది. ఎంత పిలిచినా రాలేదు. సాయంత్రం దాకా అక్కడే మంచం కింద కూర్చుంది. అప్పటిదాకా ఆ పిల్ల అతను వీధి మొదట్లో కనపడగానే ఎదురొచ్చి కాళ్ళకు చుట్టుకునేది. ఇంక ఎవరికీ అది చూపించకూడదని ఆ పూటే అనుకున్నాడు. కొత్తకాలు వచ్చాక పిల్ల మళ్ళీ దగ్గరికి వచ్చింది. దాంతో ఇక తీయలేదు. స్నానం గదిలో తలుపేసుకుని విప్పి, కడుక్కుని, తడి ఆరకముందే మళ్ళీ తొడిగేవాడు. పుండు పడ్డాక అదీ మానేశాడు. అడిగితే మా పేరు చెప్పాడు.

“ఆ బిడ్డ ఒకనాడు భయపడినాది,” అంది ఆమె. “నువ్వు దినామూ భయపడతావుండావు.”

గొంతు పెంచలేదు, ఏడవలేదు. అతని పక్కన కూర్చుని, ఆ మొండికాలిని ఎత్తి తన ఒడిలో పెట్టుకుంది. పుండు చీరకు తగులుతుందని మేడం ఏదో గుడ్డ అందించబోయింది. ఆమె వద్దంది. మా పెద్దాయన ముక్కుపొడి డబ్బీ వెతుక్కుంటూ బయటికి పోయాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

ఆ సాయంత్రం అతను చంకకర్రల మీద వీధిలోకి దిగాడు. కాలు గోనెసంచిలో వేసుకుని భార్య వెనక నడిచింది. వీధంతా చూసింది. ఇంట్లో జరిగింది తర్వాత కట్టు కోసం వచ్చినప్పుడు అతనే మేడంకు చెబుతుంటే విన్నాను. చిన్నది గుమ్మంలో నిలబడి కొంచెంసేపు చూసిందట. పెద్దదాని వెనక దాక్కుందట. తర్వాత దగ్గరికి వచ్చి, నొప్పిగా ఉందా నాయనా అని అడిగిందట. లేదు పాపా అన్నాడు అలవాటు కొద్దీ. వంటింట్లోంచి భార్య, నొప్పే అని చెప్పు అందట. నొప్పే అన్నాడు. ఆ పిల్ల పోయి తన దుప్పటి తెచ్చి ఆ మొండికాలి మీద కప్పింది.

పుండు మానడానికి చాలాకాలం పట్టింది. అన్నాళ్ళూ ఇల్లు ఎలా నడిచిందంటే, నడిచింది. భార్య ఒక పచ్చళ్ళ కొట్టులో పనికి కుదిరింది. అక్క ఇళ్ళలో పిండివంటలు చేసి ఇచ్చింది. షెడ్డువాళ్ళు వంతులవారీగా వచ్చి అతన్ని ఆటోలో కట్టుకు తీసుకొచ్చేవాళ్ళు. అందరినీ మోసే మనిషికి తనను మోయించుకోవడం రాదు. మొదట్లో ప్రతి ఒక్కరికీ క్షమాపణ చెప్పుకుంటూ వచ్చేవాడు. ఒకరోజు మేస్త్రీకి విసుగొచ్చి, నువ్వు గమ్మునుండప్పా, మూట మాట్లాడితే మొయ్యలేం అన్నాడు. అప్పటినుంచి కాస్త తగ్గించాడు.

మోకాలు దక్కింది. కొత్త అచ్చు తీసి కొత్త గిన్నె చేశాం. మా పెద్దాయన రిటైరయ్యే ముందు తన చేత్తో చేసిన ఆఖరి గిన్నెల్లో అదొకటి.

మూటలు ఎత్తే పని మాత్రం పోయింది. షెడ్డులో చిరిగిన గోతాలు కుట్టే పనికి కూర్చోబెట్టారు. దబ్బనం, పురికొస పట్టుకుని పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేచేవాడు కాదు. కూర్చున్న చోటునుంచే ఇద్దరు పిల్లల్నీ చదివించాడు, మేనకోడలి పెళ్ళి చేశాడు, తల్లిని చివరిదాకా చూసుకున్నాడు. పెద్దది శ్రీ సిటీలో ఫ్యాక్టరీకి పోతుంది. చిన్నది పుత్తూరులో కాపురం ఉంటుంది.

సెలవు దొరికినప్పుడు మా దగ్గరికి వచ్చేవాడు. కొత్తగా కాలు పోయినవాళ్ళకు ధైర్యం చెప్పడానికి మేడం పిలిచేది. సాధారణంగా అలా వచ్చినవాళ్ళు ఎంత చక్కగా నడుస్తున్నారో చూపిస్తారు. ఇతను నడిచేవాడు కాదు. వచ్చినవాళ్ళ భార్యాబిడ్డలను కూడా దగ్గరికి పిలిచి, వాళ్ళందరి ముందు కూర్చుని పట్టీ విప్పేవాడు. చూడండి, ముట్టుకోండి, ఏమీ కాదు అనేవాడు. కొందరు ముఖం తిప్పుకునేవాళ్ళు. తిప్పుకున్నవాళ్ళు మళ్ళీ తిరిగేదాకా ఓపిగ్గా కూర్చునేవాడు.

అప్పటినుంచి మా వర్క్‌షాపులో ఒక అలవాటు వచ్చింది. రోగిని అడిగే ప్రశ్నలన్నీ అయ్యాక, వెంట వచ్చినవాళ్ళను వేరేగా ఒక ప్రశ్న అడిగేవాళ్ళం. ఇంట్లో విప్పుతున్నాడా అని. నాకు తెలిసి అది ఏ పాఠంలోనూ లేదు. ఈ పనిలోకి వస్తున్న పిల్లలూ, మీరు అడగండి.

పోయిన ఎండాకాలం అతని చిన్న కూతురు ఫోన్ చేసింది. నాయన పొద్దున పోయినాడు సార్ అంది. మంచం మీద కూర్చుని టీ తాగి, గ్లాసు కింద పెట్టి, పక్కకు ఒరిగిపోయాడట. నేను బస్సెక్కి రేణిగుంట పోయాను. వీధి పట్టనంత జనం. అరుపులూ, శోకాలూ పెద్దగా లేవు. అందరూ ఏదో ఒక పని చేస్తున్నారు. పందిరి వేసేవాళ్ళు వేస్తున్నారు, నీళ్ళు మోసేవాళ్ళు మోస్తున్నారు. అతని అక్క, బాగా ముసలిదైపోయింది, గోడకానుకుని కూర్చుని వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇవ్వమని పురమాయిస్తోంది.

షెడ్డువాళ్ళు పొద్దున్నే అతనికి కాలు తొడిగి పడుకోబెట్టారు, చూడ్డానికి నలుగురూ వస్తారని. స్నానం చేయించేటప్పుడు విప్పారు. కొత్త పంచె కట్టాక మళ్ళీ తొడగాలా వద్దా అన్న మాట వచ్చింది. మనిషి నిండుగా పోవాలని కొందరు, పెట్టుడుకాలు మట్టిలోకి ఎందుకని కొందరు. చివరికి నావైపు చూశారు. మా పనిలో దానికి పద్ధతంటూ ఏమీ లేదని చెప్పాను. బతికున్నవాళ్ళ కాళ్ళ గురించే నాకు తెలుసు.

భార్య గుమ్మంలోంచి అంది.

“బయటికి పొయ్యేదానికి కదా ఆయన కాలు ఏసుకునేది. ఇంట్లో మా కాడ తీసేసే ఉంటాడు. అట్లనే ఉండనీండి.”

పంచె సర్ది, అలాగే ఎత్తారు. మేస్త్రీ కాలం చేసి చాలా ఏళ్ళయింది. ఆ మేస్త్రీ కొడుకులిద్దరు పాడె ముందు పట్టారు.

అంతా అయ్యాక, ఆ కాలు ఎవరికైనా పనికొస్తుందా అని చిన్న కూతురు అడిగింది. గిన్నె పనికిరాదమ్మా, అది మీ నాయన ఒక్కడికే పడుతుంది, పాదం, గొట్టం బాగుంటే వర్క్‌షాపులో ఎవరికైనా బిగిస్తారని చెప్పాను. ఆమె తడిగుడ్డతో దాన్ని తుడిచి, కొత్త తువ్వాలులో చుట్టి తెచ్చింది.

తిరుపతి బస్సులో జనం ఎక్కువ. కిటికీ పక్కన తలపాగా చుట్టుకున్న రైతు ఒకాయన కూర్చున్నాడు. ఆయన పక్కన నాకు సగం సీటు దొరికింది. తువ్వాలు జారి పాదం బయటపడింది. ఆయన దాన్ని చూసి, నా రెండు కాళ్ళూ చూసి, ఎవురిదప్పా అని అడిగాడు.

రేణిగుంటలో ఒకాయనది, ఈపొద్దు పోయినాడు అని చెప్పాను.

ఆయన తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు జరిగి, ఆ కాలికి చోటిచ్చాడు.